నాలుగు చిమ్నీలు నిలిచాయి, 250 ఇళ్లు తగ్గాయి

1980ల చివర్లో లండన్‌లో, థేమ్స్ నది దక్షిణపు గట్టున, ఒక బ్రహ్మాండమైన ఇటుక భవనానికి పైకప్పు విప్పేశారు. లోపలున్న యంత్రాలను బయటికి తీయాలంటే కప్పు అడ్డంగా ఉంది. 1989 మార్చిలో పని ఆగిపోయింది. అప్పటికి యంత్రాలు వెళ్లిపోయాయి. పనివాళ్లూ వెళ్లిపోయారు. కప్పు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత పాతికేళ్లపాటు లండన్ వాన ఆ భవనం లోపలే కురిసింది.

పాత పెంకుటిల్లు ఉన్నవాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. రెండేళ్లు పెంకులు సర్దించకపోతే వాసాలు పుచ్చుతాయి, గోడలు నానుతాయి, ఆపైన బాగుచేయించడం కంటే పడగొట్టుకోవడమే చవక అనిపిస్తుంది. ఆ భవనానికి, అంటే బ్యాటర్‌సీ పవర్ స్టేషన్ అనే పాత కరెంటు స్టేషన్‌కు, జరిగిందీ అదే. కాకపోతే దాన్ని పడగొట్టడానికి చట్టం ఒప్పుకోదు.

ఇప్పుడు అక్కడ ఫ్లాట్లున్నాయి, ఆఫీసులున్నాయి, దుకాణాలున్నాయి, పక్కనే ట్యూబ్ అనే భూగర్భ రైలు స్టేషను కూడా వచ్చింది. ఫొటోలు చూస్తే, పాడుబడ్డ ఫ్యాక్టరీ ఒకటి నగరానికి ఇళ్లై తిరిగొచ్చిందన్న సంతోషం కలుగుతుంది. నాకూ కలుగుతుంది. అయితే అది ఎవరి డబ్బుతో మారింది, ఆ డబ్బు సర్దుబాటు కావడానికి మధ్యలో ఏది వదులుకున్నారు అన్నది ఫొటోల్లో దొరకదు. ఆ లెక్క చిక్కుముడిలా ఉంటుంది. ఒక్కో పోగూ విప్పి చూద్దాం.

పాలరాయి పరిచిన కరెంటు ఫ్యాక్టరీ

మనం ఒక్క భవనంగా చూసేది నిజానికి పక్కపక్కన ఆనించి కట్టిన రెండు థర్మల్ స్టేషన్లు. 'ఎ' స్టేషన్ పని 1929లో మొదలై 1930ల మధ్యకు పూర్తయింది. అప్పటికి చిమ్నీలు రెండే. 'బి' స్టేషన్ రెండో ప్రపంచ యుద్ధం మూలంగా సాగి సాగి 1955లో నాలుగో చిమ్నీతో ముగిసింది. 1975లో 'ఎ' మూతపడింది, 1983లో 'బి' కూడా. నాలుగు చిమ్నీలూ ఉన్న పూర్తి స్టేషన్‌గా అది పనిచేసింది ఇరవై ఏళ్లే. పాడుబడి పడి ఉన్న కాలం అంతకంటే ఎక్కువ.

ఊరి నడిబొడ్డున బొగ్గు కాల్చే స్టేషనేమిటని మొదట్లోనే గట్టి వ్యతిరేకత వచ్చింది. పొగ పార్లమెంటు మీదికీ, పాత చర్చిల రాతి గోడల మీదికీ పోతుందని భయపడ్డారు. అందుకే పొగను నీళ్లతో కడిగి వదిలే ఏర్పాటు పెట్టారు. పైరూపం చూడముచ్చటగా ఉండాలని సర్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ అనే వాస్తుశిల్పిని పిలిచారు. బ్రిటన్ వీధుల్లో కనిపించే ఎర్ర టెలిఫోన్ బూత్ గీసింది ఆయనే. ఒక దశలో లండన్ వాడే కరెంటులో ఐదో వంతు ఈ ఒక్క చోటి నుంచే వెళ్లేది.

'ఎ' స్టేషన్ కంట్రోల్ రూమ్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. గోడలకు ఇటలీ పాలరాయి, పైన గళ్లుగళ్లుగా అద్దాల కప్పు, కింద చెక్క నేల. నల్లని ప్యానళ్ల మీద వరసలు కట్టిన గుండ్రటి మీటర్లు, చేతి హ్యాండిళ్లు, ఏ స్విచ్ ఏ పేటకు కరెంటు పంపుతుందో రాసిన చిన్న చిన్న పలకలు. ఎవరూ టిక్కెట్టు కొని చూడరు. పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్లు తప్ప బయటివాళ్లు లోపలికి రారు. అయినా షిఫ్టులో కూచునే మనిషి చుట్టూ అంత అందం పెట్టారు. ఈ భవనాన్ని కాపాడాలని జనం ఎందుకంత పట్టుబట్టారో ఆ ఒక్క గది చూస్తే అర్థమవుతుంది.

మనకూ ఇలాంటిది ఒకటుండేది. నిజాం కాలంలో, 1920లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు స్టేషన్ కట్టారు. దాన్ని 1990లలో విప్పేశారు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ వైపు షికారుకు వెళ్లేవాళ్లలో చాలామందికి అక్కడొక కరెంటు స్టేషన్ ఉండేదనే తెలియదు. 2024 ఆగస్టులో పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు పేలుడుతో కూలిపోతుంటే ఆ వీడియోలు మన ఫోన్లన్నిటికీ వచ్చాయి. కూల్చడం ఎంత తేలికో అందులో చూశాం. నిలబెట్టడం ఎంత కష్టమో చూడాలంటే బ్యాటర్‌సీకే వెళ్లాలి.

'కూల్చొద్దు' అన్న చట్టం, ఖర్చు చెప్పని చట్టం

స్టేషన్ సగం మూతపడ్డాక అప్పటి ప్రభుత్వ విద్యుత్ బోర్డు మొదట అనుకున్నది సూటిగానే ఉంది. భవనం కూల్చేద్దాం, స్థలం ఇళ్ల కోసం అమ్మేద్దాం. ఆ లోపే, 1980లో, ప్రభుత్వం దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. గ్రేడ్ 2 అన్నమాట. 2007లో దాన్ని ఇంకో మెట్టు పైకి, గ్రేడ్ 2 స్టార్‌కు పెంచారు.

మొదటి చిక్కుముడి ఇక్కడే పడింది. జాబితాలో చేరిన కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చకూడదు, రూపం మార్చకూడదు. అలాగని దాని మరమ్మతుకయ్యే డబ్బు ప్రభుత్వం పెట్టదు. యజమాని చేతిలో ఉన్నవి రెండే దారులు. లాభం వచ్చే పని ఏదైనా కట్టి ఆ లాభంలోంచి పాతదాన్ని బాగుచేయాలి. లేదంటే ఏమీ చేయకుండా కూచోవాలి. బ్యాటర్‌సీ యజమానులు దాదాపు ముప్పై ఏళ్లు రెండో దారిలోనే గడిపారు, నోటితో మాత్రం మొదటి దారి గురించి చెబుతూ వచ్చారు.

ముందు పోటీ పెట్టారు. గెలిచిన ప్రణాళిక ఒక థీమ్ పార్కు. ఆల్టన్ టవర్స్ అనే పేరున్న వినోదాల పార్కు నడిపే జాన్ బ్రూమ్ 1987లో స్థలం మొత్తాన్ని 15 లక్షల పౌండ్లకు కొన్నారు. 1988లో ప్రధాని మార్గరెట్ థాచర్ వచ్చి పనులకు శ్రీకారం చుట్టారు. మొదట 35 మిలియన్ పౌండ్లనుకున్న ఖర్చు చూస్తుండగానే 230 మిలియన్లకు ఎగబాకింది. 1989లో పని ఆగిందని చెప్పాను కదా, అది ఇదే.

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఆ కప్పు తీయడమేనని నా అభిప్రాయం. డబ్బు చేతికి అందక ముందే, వెనక్కి తీసుకోలేని పని మొదలుపెట్టనిచ్చారు. ఉక్కు దూలాలు వానకు ఎదురుగా నిలబడ్డాయి, పునాదుల్లోకి నీళ్లు చేరాయి. తర్వాత ఎవరు కొన్నా, వాళ్లు కొన్నది ముందటి సంవత్సరం కంటే ఇంకాస్త తుప్పు పట్టిన భవనాన్నే.

భవనం కుంగుతుంటే ధర ఎలా పెరిగింది?

1993లో హాంకాంగ్‌కు చెందిన కుటుంబపు కంపెనీ పార్క్‌వ్యూ ఆ స్థలాన్నీ, దాని మీదున్న బాకీలనూ కలిపి 10 మిలియన్ పౌండ్లకు తీసుకుంది. పదమూడేళ్లు తన దగ్గర పెట్టుకుంది. ఎన్నో డిజైన్లు వచ్చాయి, పోయాయి, కప్పు రాలేదు. 2006లో ఒక ఐరిష్ గ్రూపుకు అమ్మింది. ధర 400 మిలియన్ పౌండ్లు. పౌండుకు వంద రూపాయలని మోటుగా లెక్కేసుకున్నా 4,000 కోట్లు.

ఆగి ఆలోచించాల్సిన చోటిది. ఆ పదమూడేళ్లలో భవనం బాగుపడలేదు సరికదా ఇంకా పాడైంది. ధర మాత్రం నలభై రెట్లయింది. మరి కొన్నవాళ్లు దేనికి డబ్బు పెట్టారు?

బిల్డర్లు భూమి ధర కట్టే పద్ధతి తెలిస్తే ఈ ముడి విడిపోతుంది. వాళ్లు చివరి నుంచి మొదటికి లెక్కేస్తారు. ఈ స్థలంలో ఎన్ని ఫ్లాట్లు కట్టనిస్తారు, ఒక్కోటి ఎంతకు పోతుంది అని ముందు చూస్తారు. అందులోంచి కట్టుబడి ఖర్చు, అప్పు మీద వడ్డీ, తమ లాభం తీసేస్తారు. మిగిలింది భూమికి ఇవ్వగల ధర. లండన్‌లో ఇళ్ల ధరలు పెరిగినకొద్దీ ఆ మిగిలే మొత్తం పెరుగుతూ పోయింది. దాదాపు 42 ఎకరాల నదీతీరం అది. భవనం దగ్గర ఖర్చే తప్ప ఆదాయం లేదు, విలువంతా చుట్టూ ఉన్న ఖాళీ నేలది. ఆ నేల మీద కట్టుకోవడానికి దొరికే అనుమతిది.

ఒక స్థలం ధర కేవలం కాగితం మీది అనుమతితోనే పెరుగుతుంటే, ఇటుక పేర్చడం కంటే కాచుకుని కూచోవడమే లాభసాటి అవుతుంది. ఇందులో ఎవరినీ దుర్మార్గులుగా చూడనక్కర్లేదు, లెక్కే అటు తోస్తుంది. కానీ ఆ లెక్కకు ఇంకో వైపు ఉంది. 400 మిలియన్లు పెట్టి కొన్నవాడు ఆ 400నూ, దాని వడ్డీనీ ఫ్లాట్ల ధరలోంచే రాబట్టుకోవాలి. కాచుకుని కూచున్నవాళ్ల లాభం చివరికి ఫ్లాటు కొనేవాళ్ల మీద పడుతుంది. ఇంకెవరి మీద పడిందో కొంచెం కిందికి వెళ్లాక చెబుతాను.

ఐరిష్ గ్రూపుకు 2010లో అనుమతి దొరికింది. అప్పటికి ప్రపంచ ఆర్థిక సంక్షోభం వాళ్లను విరిచేసింది. అప్పులిచ్చిన బ్రిటన్ బ్యాంకు, ఐర్లాండ్ ప్రభుత్వ సంస్థ కలిసి 2011 చివర్లో స్థలాన్ని తమ చేతుల్లోకి తెచ్చుకుని అమ్మకానికి పెట్టాయి. చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ తన స్టేడియం కోసం పోటీపడింది. చివరికి 2012లో మలేషియా సంస్థలు మూడు కలిసి, మళ్లీ అదే 400 మిలియన్లకు, దక్కించుకున్నాయి. రెండు రియల్ ఎస్టేట్ కంపెనీలు, మూడోది ఆ దేశపు ఉద్యోగుల భవిష్యనిధి, అంటే మన ఈపీఎఫ్ లాంటిది. మలేషియాలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల జీతాల్లోంచి నెలనెలా కోసుకునే డబ్బు కూడా ఆ నిధిలో ఉంటుంది.

ముందరివాళ్లకు కుదరనిది వీళ్లకెలా కుదిరింది? ఒకటి, ఓపికగల డబ్బు. భవిష్యనిధి లాంటి సంస్థకు ఏడాదిలో లాభం చూపాల్సిన తొందర లేదు. రెండు, కట్టక ముందే అమ్మడం. హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. 2013 జనవరిలో మొదటి విడత ఫ్లాట్లు, పునాది కూడా పడకముందే, అమ్మకానికి పెడితే కొన్ని రోజుల్లో దాదాపు 600 మిలియన్ పౌండ్ల మేరకు బుక్ అయిపోయాయి. కొన్నవాళ్లలో విదేశీ పెట్టుబడిదారులూ చాలామందే. ఆ విడత ఇళ్లు పవర్ స్టేషన్‌లో లేవు, దాని పడమటి పక్కన కట్టిన కొత్త బ్లాకులో ఉన్నాయి. కొత్త బ్లాకుల డబ్బుతో పాత భవనాన్ని లేపాలన్నది వాళ్ల వరస.

ఫ్యాక్టరీలో ఇల్లు ఎందుకు ఇమడదు

పాత కర్మాగారాన్ని ఇళ్లుగా మార్చడం అనగానే, ఉన్న గోడల మధ్య గదులు పార్టిషన్ చేస్తే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఇంటికి కిటికీ కావాలి. ప్రతి గదికీ ఏదో ఒక పక్క వెలుతురు రావాలి. కరెంటు స్టేషన్‌లో బాయిలర్ హాలు ఒక పెద్ద గుహలాంటిది. బయటి గోడకూ నడిమధ్యకూ మధ్య అంత దూరం ఉంటే, అక్కడ ఫ్లాటు కడితే లోపలి గదులు పగలూ చీకట్లోనే ఉంటాయి.

అందుకే విల్కిన్సన్ ఐర్ అనే వాస్తుశిల్పుల సంస్థ భవనాన్ని పనుల వారీగా పంచింది. మధ్యలోని బాయిలర్ హౌస్‌లో పైఅంతస్తులు ఆఫీసులకు. అందులో యాపిల్ ఒక్కటే దాదాపు 5 లక్షల చదరపు అడుగులు తీసుకుంది. రెండు పక్కల టర్బైన్ హాళ్లు పొడుగ్గా, ఎత్తుగా ఉంటాయి కాబట్టి దుకాణాల వీధుల్లా కుదిరాయి. ఇళ్లేమో అంచులకు చేరాయి. తూర్పు, పడమర స్విచ్ హౌసుల్లో కొన్ని, బాయిలర్ హౌస్ నెత్తిన, చిమ్నీల మధ్యన, తోటతో సహా కట్టిన కొన్ని. మొత్తం కలిపితే పవర్ స్టేషన్ గోడల లోపల ఉన్నవి 254 ఫ్లాట్లే. ప్రాజెక్టు మొత్తంలో నాలుగు వేలకు పైగా ఇళ్లనుకుంటే, 'పవర్ స్టేషన్‌లో ఇల్లు' అన్నది అందులో చిన్న పిసరు. మిగతావన్నీ ఆ పేరును పక్కన పెట్టుకుని అమ్మిన కొత్త అపార్టుమెంట్లు.

గోడల పని మాత్రం మనసు పెట్టి చేశారు. మరమ్మతుకు కావలసిన ఇటుకలు దాదాపు 17.5 లక్షలు. వాటిలో కొన్నింటిని, 1930లలో ఈ భవనానికి ఇటుకలు కాల్చిచ్చిన పాత బట్టీల నుంచే తెచ్చారు. రంగు, గరుకుదనం పాతవాటితో కలిసిపోవాలని. పాత గోడకు కొత్త ఇటుక అతికించి అది అతుకులా కనపడకుండా చేయడం ఎంత కష్టమో మేస్త్రీ పని తెలిసినవాళ్లకు తెలుసు.

పనులు జరిగే కాలంలో అక్కడ గూడు కట్టుకుని ఉన్న బైరి డేగల జంట కోసం విడిగా ఒక ఎత్తయిన స్తంభం నిలబెట్టారు. చిన్న విషయమే, కానీ నాకు నచ్చింది.

చిమ్నీలు పాతవా, కొత్తవా?

చూడ్డానికి ఇటుక కోట మీద నిలబెట్టిన తెల్లని స్తంభాల్లా ఉంటాయి ఆ చిమ్నీలు. అవి కాంక్రీటువి, లోపల ఇనుము. కాంక్రీటులోకి తడి చేరితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బిన ఇనుము చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పెచ్చులుగా రాల్చేస్తుంది. సముద్రపు గాలి తగిలే విశాఖలో పాత డాబాల స్లాబు కింద చూడండి, ఇదే కనిపిస్తుంది. బ్యాటర్‌సీ చిమ్నీలకు పై నుంచి వాన, లోపల దశాబ్దాలపాటు తగిలిన గంధకపు పొగ.

2005 ప్రాంతంలో అప్పటి యజమాని, ఇవి బాగుచేయలేనంత పాడయ్యాయి, కూల్చి కొత్తవి కడతామన్నారు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే సంఘాలు వేరే ఇంజనీర్ల చేత పరీక్ష చేయించి, బాగుచేయొచ్చని వాదించాయి. వాళ్ల అసలు భయం ఇంజనీరింగ్ గురించి మాత్రమే కాదు. ఒకసారి కూల్చాక డబ్బు లేదని చేతులెత్తేస్తే? కప్పు విషయంలో అదే జరిగింది కదా.

ఆ అనుభవం వృథా పోలేదు. 2014లో చిమ్నీలు దించడానికి వాండ్స్‌వర్త్ కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, ఒప్పుకున్నప్పుడు ముందుగా డబ్బు హామీ తీసుకుంది. పైగా నాలుగింటినీ ఒకేసారి ముట్టుకోనివ్వలేదు. ముందు నైరుతి మూల చిమ్నీ దించి, దాన్ని కొంత ఎత్తు వరకు మళ్లీ లేపి చూపించాకే మిగతావాటి జోలికి వెళ్లాలన్నది షరతు. కొలతలు పాతవే. పద్ధతి కూడా పాతదానికి దగ్గరగానే. గుండ్రంగా సెంట్రింగ్ బిగించి, కాంక్రీటును తోపుడుబండ్లలో తెచ్చి, వరస మీద వరస చేత్తో పోసుకుంటూ పైకి వెళ్లారు. 2017కల్లా నాలుగూ లేచాయి.

మరి అవి పాత చిమ్నీలేనా? కాంక్రీటు కొత్తది, ఇనుము కొత్తది. ఆకారం, చోటు, ఎత్తు పాతవి. మన గుళ్లలో జీర్ణమైన ధ్వజస్తంభం మార్చి కొత్తది ప్రతిష్ఠిస్తే అది ఆ గుడి ధ్వజస్తంభమేనని మనం అడక్కుండానే ఒప్పుకుంటాం. నేనూ ఇక్కడ అలాగే ఒప్పుకుంటాను. వాయవ్య మూల చిమ్నీలో ఇప్పుడొక గాజు లిఫ్టు ఉంది, 109 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి లండన్ అంతా చూపిస్తుంది.

ఈ షరతుల సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. చిమ్నీల దగ్గర కౌన్సిల్‌కు 'ముందు కట్టి చూపించు' అనే ధైర్యం ఉంది. ఇళ్ల దగ్గరకొచ్చేసరికి ఆ ధైర్యం ఏమైందో చూడండి.

రైలు ఖర్చు ఎవరి ఖాతాలో పడింది

బ్యాటర్‌సీకి అప్పట్లో ట్యూబ్ రైలు లేదు. రైలు లేకుండా అంత పెద్ద ఊరు లాంటి ప్రాజెక్టు నడవదు, ఆఫీసులు రావు. అందుకే నార్తర్న్ లైన్‌ను దాదాపు 3 కిలోమీటర్లు పొడిగించి నైన్ ఎల్మ్స్, బ్యాటర్‌సీ పవర్ స్టేషన్ అనే రెండు స్టేషన్లు కట్టారు. 2021 సెప్టెంబరు 20న మొదలైంది. ఖర్చు సుమారు 1.1 బిలియన్ పౌండ్లు.

ఇందుకు లండన్ నగర ప్రభుత్వం అప్పు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికి రెండు ఆదాయాలు చూపించింది. ఒకటి, ఆ ప్రాంతంలో కొత్తగా వచ్చే ఆఫీసులు, దుకాణాల నుంచి రాబోయే ఏళ్లలో పెరిగే వ్యాపార పన్ను. రెండు, అక్కడ కట్టే డెవలపర్లు ఇచ్చే వాటా.

చాలామంది గమనించని లంకె ఇక్కడుంది. బ్రిటన్‌లో పెద్ద ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చేటప్పుడు కౌన్సిల్ డెవలపర్‌తో ఒప్పందం రాయించుకుంటుంది. ఇన్ని ఇళ్లు మామూలు జీతగాళ్లకు అందే ధరకో అద్దెకో ఇవ్వాలి, రోడ్డుకింత, బడికింత, ఆసుపత్రికింత అని. డెవలపర్ జేబులోంచి తీయగలిగేది ఒక్క మూటే. అందులోంచి రైలుకు ఎక్కువ తీస్తే ఇళ్లకు తక్కువ మిగులుతుంది. నైన్ ఎల్మ్స్ ప్రాంతానికి వాండ్స్‌వర్త్ కౌన్సిల్ ఆ పని తెలిసే చేసింది. రైలు వాటా ఇస్తారు కాబట్టి అందుబాటు ధర ఇళ్లు 15 శాతం చాలని సరిపెట్టింది. 2017 నాటికి లండన్ మేయర్ కొత్త ప్రాజెక్టుల్లో 35 శాతం కావాలని అడుగుతున్నారు.

ఆ 15 శాతం ప్రకారం 4,239 ఇళ్లలో 636 ఇవ్వాలి. 2017లో డెవలపర్ మళ్లీ కౌన్సిల్ దగ్గరికి వచ్చారు. ఖర్చులు పెరిగాయి, అనుకున్న లాభం రావడం లేదు, అన్ని ఇవ్వలేమన్నారు. కౌన్సిల్ ఒప్పుకుంది. 636 కాస్తా 386 అయింది. అంటే 9 శాతం. తగ్గిన 250 ఇళ్ల గురించి, తర్వాత లెక్కలు బాగుంటే మళ్లీ చూద్దామని ఒక వెసులుబాటు రాసుకున్నారు. మేయర్ తప్పుబట్టారు, అక్కడి జనం గొడవ చేశారు, నిర్ణయం మారలేదు.

ఇలా తగ్గించడానికి వీలిచ్చేదాన్ని అక్కడ వయబిలిటీ లెక్క అంటారు. ఖర్చులన్నీ, ఆదాయమంతా, దాంతోపాటు డెవలపర్‌కు రావలసిన లాభశాతం కూడా ముందే వేసి చూస్తారు. ఆ లాభం తగ్గుతుందంటే మొదట కోత పడేది ఒప్పందంలోని ఇళ్ల మీదే. లాభాన్ని ఖర్చుల పక్కన కూచోబెట్టి, ఇళ్లను మిగులు పక్కన కూచోబెట్టారన్నమాట. పదమూడేళ్లు కాచుకుని కూచున్నవాళ్ల లాభం ఇంకెవరి మీద పడిందని పైన అన్నాను. ఇదిగో, ఇక్కడ పడింది. భూమికి పెట్టిన 400 మిలియన్లను ఎవరూ తగ్గించమనలేదు. చిమ్నీలను తగ్గించడానికి చట్టం ఒప్పుకోదు. రైలు తవ్వకం మొదలైపోయింది. తగ్గించడానికి వీలున్నవి ఆ ఇళ్లే.

డెవలపర్ మాటలో నిజం లేదని నేను అనను. వానకు పాతికేళ్లు నానిన భవనాన్ని లేపడం ఎంత ఖర్చో ముందుగా ఎవరూ సరిగ్గా చెప్పలేరు. వాళ్లు వెనక్కి తగ్గి ఉంటే ఇంకో పాతికేళ్లు అది అలాగే పడి ఉండేదేమో కూడా. అయినా 2018లో భవనంలోని ఆఫీసులు, దుకాణాల భాగాన్ని సుమారు 1.6 బిలియన్ పౌండ్లకు మలేషియా నిధులకే అమ్మే ఒప్పందం బయటికొచ్చినప్పుడు, ముందటేడు కోల్పోయిన 250 ఇళ్లు గుర్తు రాకుండా ఉండవు. చిమ్నీకి తీసుకున్నట్టే ఇళ్లకూ ముందుగా హామీ తీసుకుని ఉండాల్సింది. 'అందుబాటు ధర ఇళ్లు లేపి చూపించు, తర్వాతే నదివైపు ఫ్లాట్లు' అని ఒక్క వాక్యం రాయించుకుని ఉండాల్సింది.

ఆ 386 ఇళ్లనూ పీబాడీ అనే పాత గృహనిర్మాణ సంస్థతో కలిసి కట్టారు. అవి పవర్ స్టేషన్ గోడల్లో లేవు, నదివైపు బ్లాకుల్లో లేవు. వెనక, రోడ్డు దాటి వేరే ముక్కలో, ఆరోగ్య కేంద్రంతో కలిపి ఉన్నాయి.

ఇంకోలా జరగొచ్చా?

జరిగింది కూడా. నది వెంట కొంచెం దిగువన బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్ ఉంది. అదీ స్కాట్ గీసిందే, 1981లో మూతపడింది, దానికి ఒక్కటే చిమ్నీ. అక్కడ 2000లో టేట్ మోడర్న్ అనే చిత్రకళా ప్రదర్శనశాల తెరిచారు. ఖర్చు 134 మిలియన్ పౌండ్లు, అందులో జాతీయ లాటరీ నిధులది పెద్ద భాగం. యంత్రాలు తీసేసిన టర్బైన్ హాలును ఖాళీగానే ఉంచి జనానికి ఉచితంగా ఇచ్చేశారు. బాధ్యత ఒక ప్రజా సంస్థది, డబ్బులో ప్రజల వాటా ఉంది, అమ్ముకోవాల్సిన ఫ్లాట్లు లేవు. స్టేషన్ చిన్నదే, కప్పు కూడా పోలేదు, కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం పూర్తి న్యాయం కాదు. కానీ బ్యాటర్‌సీలో మార్కెట్ తప్ప వేరే దారి లేదనే మాట మాత్రం నిలవదు.

2022 అక్టోబరు 14న పవర్ స్టేషన్ తలుపులు తెరిచారు. లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు లేదు. టర్బైన్ హాలు మధ్యలో నిలబడి తల పైకెత్తితే ఆ ఎత్తు, ఆ స్తంభాల వరస, పాత క్రేను దూలాలు కళ్లనిండా కనిపిస్తాయి. నది గట్టు, ఇదివరకు కంచె వెనక ఉన్నది, ఇప్పుడు ఎవరైనా నడిచే దారి. ఇది చిన్న మేలు కాదు, దీన్ని తక్కువ చేయను. 'బి' స్టేషన్ కంట్రోల్ రూమ్ ఇప్పుడొక బార్. పాలరాయి గదిని వేడుకలకు అద్దెకిస్తున్నారు.

నదికి అవతలి గట్టున, సరిగ్గా ఎదురుగా, పిమ్లికో ఉంది. యుద్ధం తర్వాత అక్కడ కౌన్సిల్ వాళ్లు మామూలు కుటుంబాల కోసం చర్చిల్ గార్డెన్స్ అనే అద్దె ఇళ్ల కాలనీ కట్టారు. బ్యాటర్‌సీలో కరెంటు తీశాక మిగిలిన వేడిని ఊరికే నదిలోకి వదలడమెందుకని, 1950లో థేమ్స్ కింద సొరంగంలో గొట్టాలు వేసి ఆ ఇళ్లకు పంపారు. అలా నదికి ఇటు మండే బొగ్గుతో అటు 1,600 ఇళ్లలో పిల్లలకు వేడినీళ్లు, చలికాలంలో వెచ్చటి గదులు. వేడినీళ్లు నిలవ చేయడానికి కాలనీ మధ్యలో ఒక ఎత్తయిన ట్యాంకు కట్టి చుట్టూ గాజు గోడ పెట్టారు. స్టేషన్ మూతపడ్డాక ఆ ఇళ్లకు కౌన్సిల్ వేరే బాయిలర్లు పెట్టుకుంది. ట్యాంకు ఇప్పటికీ అక్కడే ఉంది, ఇప్పటికీ పని చేస్తోంది, మూడు వేలకు పైగా ఇళ్లకు వేడినీళ్లు పంపుతోంది.